పై పేరుకు వేసిన ఓటు

ఈ సంగతి ఇంతకుముందు రాయలేకపోవడానికి మొదటి కారణం నాకు రాయడం రాకపోవడం. యాభై ఎనిమిదేళ్లు దాటాక, జనగామలో మా బిడ్డ ఇంటికి వచ్చాక, వీధి చివర అంగన్‌వాడీ గదిలో పెద్దవాళ్లకు చెప్పే బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. రెండో కారణం చెప్పడానికి సిగ్గుగా ఉంది. అక్షరాలు వచ్చిన తరువాత కూడా రెండేళ్లు నేను వేరేవి రాస్తూ కూర్చున్నాను. పచ్చిపులుసు ఎట్లా చేయాలో రాశాను. బస్సుల మీది ఊళ్ల పేర్లు చూసి రాశాను. మా అవ్వ గురించి ఒక పేజీ రాస్తే పంతులమ్మ బాగుందని అందరికీ చదివి వినిపించింది. ఇది మాత్రం రాయలేదు. ఇది ఎవరికి చెప్పుకోవాలో ఆమె కూడా ఇప్పుడు మా ఊళ్లో లేదు. ఇది జరిగిన యేడే, పత్తి తీతలకు ముందే మొగుణ్ణీ పిల్లలనూ తీసుకుని భూపాలపల్లికి, తన తల్లిగారి ఊరికి వెళ్లిపోయింది.

మాది గూడూరు దాటాక అడవి అంచున ఉండే ఊరు. మా ఊళ్లో సర్పంచులు మారారు గానీ మహిళా సంఘం ప్రెసిడెంటు మారలేదు. సంఘం పుట్టినప్పటి నుంచి పెద్దింటి దొరసానే ప్రెసిడెంటు. రెండేళ్లకోసారి మండలం నుంచి మేడమ్ వచ్చి "ఇంకెవరన్నా నిలబడతారా?" అని అడిగేది. మేమందరం నేలచూపులు చూసేవాళ్లం. మేడమ్ ఏకగ్రీవం అని రాసుకునేది. మేం సంతకాలు పెట్టి, చాయ్ తాగి, ఇళ్లకు పోయేవాళ్లం.

ప్రెసిడెంటు అయితే ఏమిటని అడగవచ్చు. మా ఊళ్లో వడ్లు కొనే కేంద్రం సంఘం చేతిలో ఉంటుంది. ఎవరి కుప్పకు ముందు కాంటా పెట్టాలో ప్రెసిడెంటు చెప్పాలి. ఆ యేడు యాసంగి వడ్లు పదిహేను రోజులు కల్లంలో పోసి, నేనూ నాలాంటి వాళ్లూ కాంటా కోసం కాపలా కాశాం. పెద్దింటి వడ్లూ, వాళ్ల చుట్టాల వడ్లూ లారీలెక్కాయి. పదహారో రోజు వాన వచ్చింది. పరదాలు చాలలేదు. నా ముప్పై గుంటల వడ్లు తడిసి, మూడు రోజులకు తెల్లటి మొలకలు వచ్చాయి. ఎండబోసి ట్రాక్టరు మాట్లాడుకుని కేసముద్రం మార్కెట్‌కు తీసుకుపోతే, అక్కడ ఒకాయన గుప్పెడు తీసి వాసన చూసి, "గివి వడ్లా అవ్వా, పెసర్లా?" అన్నాడు. పక్కనున్న వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక కోపం వచ్చింది.

ఆ కోపం నా ఒక్కదానిదే కాదు. వానాకాలం నాట్లు మొదలయ్యాక మా ముఠాలో పొద్దంతా అదే మాట. ముఠా అంటే ఇరవై మంది ఆడవాళ్లం, ఎకరాల లెక్కన గుత్తకు నాట్లు వేసేవాళ్లం. మా ముఠాకు పెద్ద నాకంటే పదిహేనేళ్లు చిన్నది. నేను చెల్లె అని పిలిచేదాన్ని. ఎవరి చేను ఎప్పుడు నాటాలో, ఎవరితో ఎంతకు మాట్లాడాలో అన్నీ ఆమే చూసేది. ఒకరోజు నడుం ఎత్తి, బురద చేతులతోనే కొంగు సర్దుకుని అన్నది:

"ఈపాలి నేను నిలవడ్త. ప్రెసిడెంటుకు."

అందరం నాట్లు ఆపి నడుములెత్తి చూశాం. తరువాత ఒక ముసలామె, "నిలవడు బిడ్డా. గెలిస్తె నాకు ఒక కుర్సీ ఎయ్యి, గిట్ల ఒంగి ఒంగి నా నడుం పోయింది" అంది. అందరం పగలబడి నవ్వాం. ఆ నవ్వుతో భయం కొంత తగ్గింది.

సంఘంలో ఓటున్నవాళ్లం ఇరవై ముగ్గురం. మా ముఠాలో పన్నెండు మందికి ఓటుంది. వేళ్ల మీద లెక్క పెట్టుకుని చూస్తే సరిగ్గా గెలుపు. అదే మడిలో, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, ఆ పన్నెండు మందిమి తలా ఒక నారు కట్ట చేతిలో పట్టుకున్నాం. "పచ్చటి నారు మీద ఒట్టు, మాట తప్పం" అన్నాం. మాకు అంతకు మించిన ఒట్టు లేదు. ఆ చేతులతోనే ఊరికి అన్నం పుడుతుందని మా నమ్మకం.

ఆ పన్నెండు మందిలో భూపాలపల్లి నుంచి కోడలుగా వచ్చిన పిల్ల ఒకతి. మునుంలో, అంటే నాటు వేసుకుంటూ పోయే వరుసలో, ఎప్పుడూ నా పక్కనే పట్టేది. ఆమె మొగుడు పెద్దింటి ట్రాక్టర్ నడిపేవాడు. "నువ్వు కూడ ఒట్టు వెడ్తవా?" అని ఎవరో అడిగితే, "ట్రాక్టర్ నా మొగడు నడ్పుతడు గని నన్ను నడ్పడు" అని అందరికంటే పెద్ద కట్ట పట్టుకుంది.

ఇక్కడ నా అబద్ధం ఒకటి చెప్పాలి. సంఘం పెట్టిన కొత్తలో, "మీ గ్రూపులో చదువొచ్చినవాళ్లు ఎవరు?" అని అడిగితే నేను చేయి ఎత్తాను. నర్మెట్టలో మా మేనమామ ఇంట్లో ఉండి మూడో తరగతి దాకా చదివానని చెప్పాను. అక్కడ నేను మూడేళ్లు గొడ్లు కాశాను. బడి దారిలోనే ఉండేది, అంతే. ఆ అబద్ధంతో గ్రూపుకు లీడర్‌నయ్యాను. సంతకం మాత్రం నేర్చుకున్నాను. ముగ్గు నేర్చుకున్నట్టు, ఏ గీత తరువాత ఏ గీతో నేల మీద గీసి గీసి పట్టుకున్నాను. సంతకం చూసి అందరూ నమ్మారు. ఎవరైనా కాగితం తెచ్చి చదవమంటే, "కండ్లద్దాలు ఇంటికాడ ఉన్నయి బిడ్డా" అనేదాన్ని. సంఘంలో రాత్రి బడి పెట్టినప్పుడు మిగతావాళ్లందరూ పోయి కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నారు. చదువొచ్చినదాన్ని కాబట్టి నేను పోలేదు.

ఎన్నిక రోజు సంఘం ఇంటి ముందు ఎప్పుడూ లేనంత మంది. మగవాళ్లు కూడా రోడ్డు మీద నిలబడి చూస్తున్నారు. ఊరు పుట్టిన తరువాత ఆడవాళ్ల సంఘానికి ఓట్లు పడడం అదే మొదలు. మేడమ్ స్వీట్ల డబ్బాకు బెజ్జం పెట్టి బల్ల మీద ఉంచింది. "మీ రిజిస్టర్‌లో ఒక్క వేలిముద్ర లేదు, అందరివీ సంతకాలే. అందుకే గుర్తులు పెట్టలేదు. చీటీలో రెండు పేర్లు ఉంటాయి. మీకు కావలసిన పేరు పక్కన టిక్ పెట్టండి" అంది.

ముందురోజే చెల్లె నాతో, "అక్కా, నా పేరు ముందుగాల ఇచ్చిన. పైన నాదే ఉంటది" అని చెప్పింది. నేను ఆ మాటనే పట్టుకుని నిలబడ్డాను. పైన, పైన అని మనసులో అనుకుంటూ లోపలికి నడిచాను. గడపలో దొరసాని ఎదురైంది. కోపంగా లేదు. "రా అక్కా, నువ్వు సదువుకున్నదానివి, నీకు చెప్పేదేముంది" అని పక్కకు జరిగి దారి ఇచ్చింది.

చీటీ మీద రెండు వరుసలు. చీమలు రెండు బారులు కట్టి పోతున్నట్టు కనబడ్డాయి. అడగవచ్చు. మేడమ్ నాలుగడుగుల దూరంలోనే ఉంది. "నాకు చదవరాదు" అంటే సరిపోయేది. ఇరవై ఏళ్ల అబద్ధం ఆ గదిలో, అంతమంది ముందు బయటపడుతుందని నోరు రాలేదు. పై వరుస పక్కన గీత గీసి, మడిచి డబ్బాలో వేశాను.

నా వెనకాలే భూపాలపల్లి పిల్ల వేసి బయటకు వచ్చింది. రేకుల పందిరి కింద నా పక్కన నిలబడి, నా చెవిలో అంది:

"అక్కా, చూసినవా? పేర్లు తారుమారు చేసిన్రు. పాత ప్రెసిడెంటని దొరసానిది పైన రాసిన్రట. మనది కిందికి వోయింది. నేనైతే జర్రంతల పైదానికే గొట్టేటిదాన్ని. చదివినంక సూసుకున్న."

నేను "ఆఁ, చూసిన" అన్నాను.

అప్పటికి ఇంకా ఆరుగురు ఓటు వేయవలసి ఉంది. డబ్బా మూత తీయలేదు. లోపలికి పోయి మేడమ్‌తో తప్పు జరిగిందని చెప్పవచ్చునేమో, ఇంకో చీటీ ఇచ్చేదేమో. ఇవ్వకపోయినా చెల్లెకైనా తెలిసేది. నేను పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాను. ఒక్క ఓటుతో ఏమవుతుందిలే, ఎవరో ఒకరు అటునుంచి ఇటు వేయకపోతారా అని మనసులో లెక్కలు వేసుకున్నాను.

దొరసానికి పన్నెండు. మా చెల్లెకు పదకొండు.

లోపల చప్పట్లు కొట్టారు. బయట చెల్లె పందిరి కింద కూర్చుని వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. "పన్నెండు మందిమి నారు పట్టినం. పదకొండు ఎట్ల వచ్చినయి?" అంది. ఆమె గొంతులో కోపం కూడా లేదు, అర్థంకానితనమే ఉంది.

"ఎట్లేముంది, ట్రాక్టరింటికి పోయి అడుగు" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

అందరి తలలూ ఒకేసారి తిరిగాయి. భూపాలపల్లి పిల్ల మొదట నవ్వింది, సరసమాడుతున్నారనుకుంది. తరువాత ముఖాలు చూసింది.

"నేనా? నా పిల్లల మీద ఒట్టు, మన పేరుకే ఏసిన!"

"నారు మీద పెట్టిన ఒట్టే నిలవకపాయె, ఇంక పిల్లల మీదొకటా!"

"ఏయ్, పిల్లల ముచ్చట దియ్యకు! నేను చదివే ఏసిన. పేర్లు తారుమారైనయని బయటికొచ్చి గీ అక్కకు చెప్పిన." ఆమె నా చేయి పట్టుకుంది. "చెప్పు అక్కా. నీకు చెప్పిన్నా లేదా? కిందిదానికి ఏసిన్నని చెప్పిన గదా?"

అందరూ నా వైపు చూశారు. నేను వాళ్లలో చాలామంది కంటే పెద్దదాన్ని. చదువొచ్చినదాన్ని. మొలకలెత్తిన వడ్లదాన్ని. నేను ఏం చెబితే అది నిజం. చెప్పిందని అంటే, మరి తప్పిన ఓటు ఎవరిదని మళ్లీ లెక్క మొదలవుతుంది. ఒక్కొక్కరే తమ చీటీ సంగతి చెప్పుకుంటూ వస్తారు. చివరికి నా దగ్గరకు వస్తుంది.

"ఏమో పిల్లా, ఆ లొల్లిల నాకు యాదికి లేదు" అన్నాను.

ఆమె నా చేయి వదిలేసింది. నన్ను తిట్టలేదు. నిజంగానే మరిచిపోయి ఉంటానని అనుకున్నట్టుంది. ఏడవడం మొదలుపెట్టింది మాత్రం అప్పుడే. కుర్చీ అడిగిన ముసలామె లేచి, చీర దులుపుకుని, "ఒట్టు తప్పిన చెయ్యి నారు ముడితె చేను పండదు. రేపటిసంది మునుంలకు రాకు బిడ్డా" అంది. ఎవరూ కాదనలేదు. నేనూ కాదనలేదు.

మర్నాడు పొద్దున లేవగానే చెల్లె ఇంటికి నడిచాను. చెప్పేద్దామనే పోయాను. దారిలో మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. చెల్లె వాకిట్లో కట్టెల పొయ్యి దగ్గర కూర్చుని అన్నం గిన్నె సర్దుకుంటోంది. నన్ను చూసి లేచి నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"అక్కా, అందరికన్న నీ వడ్లే ఎక్కువ ఆగమైనయి. నీ కోసమన్న గెలుస్తననుకున్న. నీ మొఖం చూడాల్నంటె నాకు సిగ్గయితంది."

"పోనీ తియ్యి చెల్లె" అన్నాను. ఆమె గిన్నె నేను అందుకున్నాను. ఇద్దరం కలిసి పొలానికి నడిచాం.

మడిలో నీళ్లు పెట్టి ఉన్నాయి. నారు కట్టలు అక్కడక్కడ విసిరి ఉన్నాయి. అందరూ చీరలు ఎగ్గట్టి దిగుతుండగా భూపాలపల్లి పిల్ల కూడా వచ్చింది. సద్ది గిన్నె గట్టు మీద పెట్టి, ఎప్పటిలాగే నా పక్కకు వచ్చి నీళ్లలోకి కాలు పెట్టబోయింది. ముసలామె ఆమె ముందున్న నారు కట్టను తీసి అవతలికి విసిరింది. చెల్లె ఆమెను చూడకుండా నన్నే చూసి, "అక్కా, జర ఇటు జరుగు. ఆ మునుం గూడ నువ్వే పట్టు" అంది.

ఆ పిల్ల గట్టు మీద నిలబడి నా వైపు చూసింది. ఏదైనా అంటానేమోనని చూసింది.

నేను ఎడమవైపుకు ఒక అడుగు జరిగాను. కాళ్లు ఎడంగా పెట్టి వంగి, ఆమె జాగాలో నాటు వేయడం మొదలుపెట్టాను.