విమానానికి ఆముదం

1997. గాజువాకలో మెయిన్ రోడ్డు పక్క సందులో నాకు స్కూటర్ మెకానిక్ షెడ్డు అప్పటికే ఉంది. ఒకరోజు సుబ్బారావుగారు చేతిరుమాలు విప్పి, నిమ్మకాయంత ఇంజను నా బల్ల మీద పెట్టారు. ఆయనది తణుకు, స్టీల్ ప్లాంటులో ఫోర్‌మన్. రెండేళ్ళు కూర్చుని చెక్కతో విమానం చేశారు. సన్నని తీగలకు కట్టి, మధ్యలో మనిషి నిలబడి గుండ్రంగా ఎగరేసే రకం. ఇంజను మాత్రం ఓడలో పనిచేసే బావమరిది జపాన్ నుంచి తెచ్చింది.

"ఆదివారం కాలనీ గ్రౌండులో ఎగరేస్తానని డిపార్టుమెంటంతా చెప్పేశానండీ. నూనె చాలక ఇది పట్టేసిందంటే ఇంకోటి లేదు," అన్నారు.

అది మిథనాల్ అనే స్పిరిట్‌తో నడుస్తుంది. లోపల అరగకుండా అందులోనే నూనె కలపాలి. ఇరవై ఏళ్ళుగా పెట్రోల్లో టూటీ ఆయిల్ కలుపుతున్నవాణ్ణి, నాకొకరు చెప్పాలా? "నాను సూసుకుంతాను సార్," అని అదే టూటీ పోసి, డబ్బా కుదిపి పక్కన పెట్టాను.

మర్నాడు స్టార్ట్ చేస్తే సందంతా మోగిపోయింది. నాకు ఒళ్ళు పులకరించింది. నిమిషం తిరక్కుండానే మోత సన్నగిల్లి, కమురు వాసన కొట్టింది. ఫ్యూయల్ గొట్టం నొక్కేసి ఆపాను. ప్రొపెల్లర్ బిగుసుకుపోయి, చల్లారాక గానీ కదల్లేదు. సుబ్బారావుగారు రుమాలుతో ఇంజన్ని తుడిచి మళ్ళీ నా బల్ల మీద పెట్టారు. తిట్టినా బాగుండేది.

డబ్బాలో మిగిలినదంతా గాజుసీసాలో పోసి చూస్తే గుట్టు తెలిసింది. కాసేపటికే నూనె అడుక్కి దిగి, స్పిరిట్ పైకి తేలింది, మాటల్లేని అన్నదమ్ముల్లాగా. మేం డబ్బా పైనుంచి వంచి పోశాం కాబట్టి ఇంజనుకు నూనె చుక్క అందలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

శనివారం ఆ సీసాతో వన్‌టౌన్‌కి పరిగెత్తాను. అక్కడ ఖాసిం భాయ్ అత్తర్లు, తలనూనెలు తయారుచేస్తాడు. రోజూ స్పిరిట్‌లో నూనెలు కలిపేవాడు, ఆ సంగతి ఆయనకే తెలియాలి.

"టూటీ ఏటి భాయ్, స్పిరిట్‌లో కలిసేది ఆముదమే," అని నవ్వాడు. ఇళ్ళలో నీళ్ళు పోసి కాచే వంటాముదంలో తడి ఉంటుందని, గానుగ ఆడిన ముడి ఆముదం ఇచ్చాడు. కొత్త స్పిరిట్‌లో ఐదో వంతు కలిపి, సీసా ముందు సాయంత్రం దాకా కూర్చున్నాను. తేనెరంగులో తేటగా నిలిచింది, విడిపోలేదు.

ఆదివారం పొద్దున ఇంజను అందుకుంది. విమానం నేల వదిలింది! ఆముదం పొగ వదులుతూ మా తలలకన్నా ఎత్తులో చుట్లు కొడుతుంటే డిపార్టుమెంటంతా ఈలలు. నేనైతే గ్రౌండు అంచు వెంట పరిగెడుతూ అరిచాను. సుబ్బారావుగారు తీగలు పట్టుకుని తిరుగుతూనే, చుట్టుచుట్టుకీ "అప్పల్రాజూ, అప్పల్రాజూ" అని నా పేరే పిలిచారు.

ఆ తర్వాత ఏ కొత్త నూనె చేతికొచ్చినా ముందు గాజుసీసాలో కలిపి, ఒకపూట కదపకుండా చూశాకే ఇంజనులో పోస్తున్నాను. నా బల్ల మీద ఇప్పటికీ ఆముదం సీసా ఉంటుంది. తలకా అని అడుగుతారు స్కూటర్ల వాళ్ళు. విమానానికి అంటాను.