మా కుక్కకి రారా అనే పేరెలా వచ్చిందంటే

నా చిన్నప్పుడు ఓ ఏడాది పాటు మా ఇంట్లో అందరూ ఎక్కువగా వాడిన మాట 'ఓకే'. అప్పుడు అమెరికాలో, బెంటన్‌విల్‌లో ఉండేవాళ్ళం, రెండువేల ఏడో ఎనిమిదో. అమ్మ పోయాక నాన్న 'తిన్నావా' అంటే ఓకే, 'స్కూల్ ఎలా ఉంది' అంటే ఓకే, టీచరు పక్కకి పిలిచి భుజం మీద చెయ్యేసి అడిగినా ఓకే. అబద్ధమేమీ కాదు. నిజంగానే నాకేమీ అనిపించేది కాదు. పళ్ళ డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాక పెదవి ఉందో లేదో తెలియనట్టుండేది లోపలంతా. నేను ఏడుస్తానని పెద్దవాళ్ళు ఎదురుచూసేవాళ్ళు. నాకు ఏడుపు రాలేదు.

నాన్న అక్కడి పెద్ద కంపెనీ హెడ్డాఫీసులో కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. ఆ చలికాలం ఆఫీసులో ఒకాయన జాలిపడి నాన్నని బాతుల వేటకి తీసుకెళ్ళాడు. రాష్ట్రానికి తూర్పు వైపు కారులో చాలా దూరం వెళితే వరిచేలున్నాయి. కోతలయ్యాక వాటిలో నీళ్ళు పెడతారు, ఉత్తరం నుంచి బాతులు వచ్చి వాలతాయి. మోకాళ్ళ లోతు చల్లటి నీళ్ళలో నిలబడితే ఎవరూ ఏమీ అడగరు. నాన్నకి అది పట్టుకుంది. ఇక ప్రతి శుక్రవారం సాయంత్రం నన్ను బట్టల సంచీతో సహా ఒక ఆంటీ వాళ్ళింట్లో దింపి వెళ్ళిపోయేవాడు. ఆవిడ మంచిది, నాకు అక్కడ లోటేమీ లేదు. కానీ ఆదివారం మధ్యాహ్నం భోజనం అయిందంటే చాలు, బూట్లు వేసుకుని వాళ్ళ సోఫా అంచున కూర్చునేదాన్ని. సాయంత్రానికి గానీ నాన్న కారు వచ్చేది కాదు.

సీజన్ అయిపోయాక, ఎండలు మొదలయ్యే ముందు, మా తాతయ్య వచ్చాడు. నాన్నకి నాన్న. కొల్లేటి పక్క ఊరాయన. కుర్రతనంలో ఆయనా ఊరకుక్కని వెంటేసుకుని బాతుల కోసం తిరిగినవాడే. అందుకే నాన్న వేటకుక్కని కొంటానని చెబితే తాతయ్య కాదంటాడని నేను అనుకోలేదు, ఆయన అనలేదు కూడా. పెరట్లో సిమెంటు వేయించి, చుట్టూ కంచె కట్టించి, కుక్కని అందులో ఉంచుతానన్నాడు నాన్న. మంచి కుక్క ఉంటే చలికాలమంతా, కుదిరితే వారం మధ్యలో కూడా సెలవు పెట్టి వెళ్ళొచ్చట. చాలా నెలల తర్వాత నాన్న గొంతులో కాస్త హుషారు వినపడింది.

తాతయ్య అంతా విని, "మరి పిల్లో?" అన్నాడు.

"ఆంటీ వాళ్ళున్నారుగా నాన్నా. అది ఓకే. షీ ఈజ్ ఓకే."

నేను అక్కడే సీరియల్ తింటున్నాను. తాతయ్య నా వైపు చూశాడు. నేనూ తల ఊపాను. ఆ కుక్క వస్తే సంచీ సర్దుకోవడం ఇక శుక్రవారంతో ఆగదని నాకు అర్థమైంది. అర్థమైనా గిన్నెలో పాలు తాగేసి లేచాను.

నాన్న ఆఫీసులో సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నట్టే కుక్కనీ ఎంచుకున్నాడు. ఇంటర్నెట్ అంతా చదివి, వేట కోసమే లాబ్రడార్లని పెంచి నేర్పే ఫార్మ్ ఒకటి వెతికాడు. ఒక శనివారం ముగ్గురం అక్కడికి వెళ్ళాం. రబ్బరు బూట్లు వేసుకున్న ఒక పెద్దావిడ మమ్మల్ని చెరువు దగ్గరికి తీసుకెళ్ళి, ఏడాది దాటిన రెండు మగకుక్కల్ని చూపించింది. ఒకటి నల్లది, ఒకటి గోధుమరంగుది. గుడ్డతో చేసిన, బాతంత బరువుండే ఒక బొమ్మని నీళ్ళలోకి విసిరి, తెమ్మని చెప్పేది. బొమ్మ నీటిని తాకీ తాకకముందే నల్లది గాల్లో ఉండేది. గోధుమరంగుది కూడా ఈదుకుంటూ వెళ్ళి తెచ్చింది. ఆవిడ చేతికి జాగ్రత్తగా అందించింది కూడా, కానీ చూడ్డానికి ఆ జోరు లేదు. నాన్న కళ్ళు నల్లదాన్ని వదల్లేదు. పోటీల్లో గెలిచిన కుక్కల సంతానమట అది. తీసేసుకుందామని అప్పుడే నిర్ణయించేసుకున్నాడు.

తాతయ్య ఒకటే అడగమన్నాడు. రెండింటినీ ఊరికే వదిలేసి కాసేపు కూర్చోవచ్చా అని. నాన్న మొహమాటపడుతూనే అడిగాడు. ఆవిడ తాతయ్యని ఒకసారి తేరిపార చూసి, నవ్వి, మడతకుర్చీలు తెచ్చి వేసింది. విసిరే బొమ్మని గడ్డిలో పడేసి, ఈల జేబులో పెట్టుకుని తనూ కూర్చుంది.

ఇక ఏమీ జరగలేదు. నా జీవితంలో ఏమీ జరగని గంటలు అప్పటికే చాలా ఉన్నాయి కాబట్టి నాకు కష్టమనిపించలేదు. నల్లదానికి కష్టమైంది. బొమ్మని నోట కరుచుకుని నాన్న కాళ్ళ దగ్గర పడేసింది. ఎవరూ విసరకపోతే మూలిగింది, చెరువు దాకా పరిగెత్తింది, వెనక్కి వచ్చింది, గోతులు తవ్వింది. నాన్నకీ కష్టమైంది. ఫోన్ తీసి బటన్లు నొక్కాడు. సిగ్నల్ లేదు. కారు దగ్గరికి వెళ్ళి డిక్కీ తెరిచాడు, ఏమీ తీయకుండానే మూశాడు. చెరువు గట్టు మీద అటూ ఇటూ తిరిగాడు. నల్లది ఆయన మడమల వెంటే తిరిగింది. గోధుమరంగుది మాత్రం కాసేపు గడ్డి వాసన చూసుకుంటూ దూరంగా తిరిగి ఒకచోట కూలబడింది. తాతయ్య ఈ తతంగమంతా చూస్తూ కూర్చున్నాడు. కుక్కల్ని ఎంతసేపు చూశాడో నాన్ననీ అంతసేపే చూశాడు.

చివరికి ఆయనే పిలిచాడు. ఊళ్ళో పొలం గట్టు మీద నుంచి కొడుకుని ఎలా పిలిచేవాడో అలాగే, గొంతెత్తి, "ఏంట్రా ఆ తిరగడం? రారా! రారా, ఇలా వచ్చి కూర్చో."

లేచి వచ్చింది గోధుమరంగు కుక్క. తిన్నగా మా దగ్గరికి వచ్చి, మా ఇద్దరి కుర్చీల మధ్య పడుకుని, గడ్డం నా బూటు మీద పెట్టి, పెద్దగా ఊపిరి వదిలింది. బరువుగా, తడిగా, వెచ్చగా ఉంది.

ఆవిడ చప్పట్లు కొట్టింది. తాతయ్య కుక్కకి పేరు పెట్టి పిలిచాడనుకుంది. "రారా! గుడ్ బాయ్, రారా!" అంటూ దాని వీపు నిమిరింది. మంచి పేరు పెట్టారని నాన్నని మెచ్చుకుంది.

నాన్న గట్టు దిగి వస్తూ, అది పేరు కాదని చెప్పబోయాడు. "నో, నో. హీ వాజ్ కాలింగ్..." అన్నాడు. ఆ తర్వాతి మాట 'మీ', అంటే నన్ను అని. చాలా చిన్న మాట. అది నాన్న నోట్లోంచి బయటికి రాలేదు. ఆవిడ మర్యాదగా చెరువు వైపు తిరిగింది. నాన్న ఖాళీ కుర్చీలో కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. నల్లది ఇంకా గట్టు మీద తిరుగుతూనే ఉంది.

తాతయ్య కుక్క సంగతే మాట్లాడాడు. "పని చెబితే రెండూ మంచివేరా. ఆ నల్లది మొనగాడే, నేను కాదనను. కానీ బాతులు ఎన్నాళ్ళుంటాయి? అవి వెళ్ళిపోయాక కూడా ఇంట్లో మనతో పాటు ఉండాలిగా. పని లేనప్పుడు మనుషుల పక్కన ఉండలేనిదాన్ని ఏం చేసుకుంటాం?" నాన్న ఆ మాటల్ని ఆవిడకి ఇంగ్లీషులోకి మార్చి చెప్పలేదు. చెప్పకపోయినా ఆవిడ తనంతట తానే ఇంచుమించు అదే చెప్పింది. నల్లదానికి రోజూ పరుగు కావాలట, లేకపోతే మీకు సోఫా మిగలదంది. నాన్న తలూపాడు. ఆ తర్వాత కూడా మేం చాలాసేపు అక్కడే కూర్చున్నాం.

గోధుమరంగు కుక్క మా కారు వెనక సీట్లో నా ఒళ్ళో తల పెట్టుకుని వచ్చింది. పేరు రారాయే ఖాయమైంది, ఎందుకంటే దానికి ఆ మాట తప్ప ఇంకేదీ పట్టలేదు. దానివల్ల మా అవస్థలు ఇన్నీ అన్నీ కావు. 'రారా, పో' అనాలి. 'రారా, రాకు' అనాలి. ఫోన్లో నాన్న స్నేహితుడితో 'ఎప్పుడొస్తావ్, రారా' అంటే అది గిన్నె దగ్గర నుంచి తిండి మానేసి వచ్చి నిలబడేది. తాతయ్య పొట్ట పట్టుకుని నవ్వేవాడు. పెరట్లో సిమెంటు వేయించడం గురించి నాన్న మళ్ళీ ఎత్తలేదు. వీసా గడువు అయిపోయి తాతయ్య వెళ్ళిపోయాక, సాయంత్రాలు నాన్న హాల్లో నేల మీద కూర్చుని కుక్కని పిలిచేవాడు. నేనూ వచ్చి కూర్చునేదాన్ని. మొదట్లో ఆయనకి ఏం చేయాలో తెలిసేది కాదు. చేతులు ఊరికే ఉండేవి కావు, రిమోట్ తీసేవాడు, పెట్టేవాడు. తర్వాత్తర్వాత అలవాటైంది.

తర్వాతి చలికాలం నాన్న వరిచేలకి వెళ్ళాడు, ఒకే ఒక్కసారి. నన్నూ తీసుకెళ్ళాడు. నాకు రెండు స్వెట్టర్లు వేసి, బాతులకి కనపడకుండా రెల్లు కప్పిన చెక్క మరుగులో తన పక్కన బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఆ ఉదయం బాతులు రాలేదు. ఆకాశం వైపే చూస్తూ కూర్చున్నాం. కుక్క మా మధ్య కదలకుండా ఉంది. నాన్న నా వైపు చూడకుండానే, "అమ్మకి చలంటే అస్సలు పడేది కాదు" అన్నాడు.

అమ్మ పోయాక ఆయన అమ్మ మాట ఎత్తడం అదే మొదలు. నేను "ఊఁ" అన్నాను. అన్నాక ఏడుపొచ్చింది. ఆగలేదు. వేటకి వచ్చి అలా గట్టిగా ఏడవకూడదని నాకు తెలుసు, బాతులుంటే ఎగిరిపోతాయి. నాన్న ఊరుకోమనలేదు. తుపాకీ పక్కన పెట్టి, నా ఏడుపు అయ్యేదాకా అక్కడే కూర్చున్నాడు.

ఇప్పుడు నన్ను ఆంటీ అని పిలిచే పిల్లలు చాలామంది ఉన్నారు. తెలిసినవాళ్ళలో ఎవరింట్లోనైనా అలాంటి కష్టం వస్తే అందరూ ఏదో ఒకటి చేస్తారు. వండి పట్టుకెళ్తారు, టికెట్లు బుక్ చేస్తారు, పిల్లల్ని స్కూల్లో దింపుతారు. అవన్నీ కావలసినవే. నాకు మాత్రం వెళ్ళి పక్కన కూర్చోవడం ఒక్కటే వచ్చు. ఎలా ఉన్నావని అడగను, అడిగితే ఏమంటారో నాకు తెలుసు. కాసేపటికి వాళ్ళకి ఇబ్బందిగా ఉంటుంది. లేచి గిన్నెలు కడుగుతారు, ఫోన్ చూస్తారు, ఇక మీరు వెళ్ళొచ్చంటారు. నేను లేవను.