నా సంచులు, మా ఆయన నడుము

సంతోష్‌నగర్‌లో మేముండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. జిమ్ముకు డబ్బు దండగని, నేను పాత పేపర్ల దుకాణంలో కిలోల లెక్కన పుస్తకాలు కొని, రెండు గుడ్డసంచుల్లో నింపి, రోజూ పొద్దున్నే వాటినే ఎత్తుతాను. తూకం వేసి కొన్నవి కాబట్టి బరువు పక్కా. ఉన్నవన్నీ చదివేస్తేనే సంచిలోకి ఇంకో పుస్తకం. అదీ నా నియమం.

"యాభై దాటినంక గివేం వేషాలు? పుస్తకాలు చదవనీకి కొన్నవా, మొయ్యనీకి కొన్నవా?" అని మా ఆయన రోజూ లొల్లి.

ఈ రోజు పాలకు వెళ్ళి వచ్చేసరికి గేటు ముందు పాత పేపర్ల బండి ఆగి ఉంది. పైకి వెళ్తుంటే రెండో అంతస్తు మెట్ల మీద మా ఆయన నడుం పట్టుకుని కూర్చున్నారు. పక్కనే నా సంచులు! నేను లేనప్పుడు అమ్మేద్దామని బయలుదేరి, ఒక్క అంతస్తు దిగేసరికే కూలబడ్డారు.

కోపం రావాలి, నవ్వొచ్చింది. పాల ప్యాకెట్టు ఆయన చేతిలో పెట్టి, చేతికో సంచి పట్టుకుని గబగబా మెట్లెక్కాను.

"మెల్లగ పో, నడుం పట్టేస్తది!" అని వెనక నుంచి అరిచారు.

"పట్టేసింది మీది. పాలు పట్టుకొని మెల్లగ రాండ్రి," అన్నాను.

సాయంత్రం నడుముకు బామ్ రాస్తుంటే గొంతు తగ్గించి అడిగారు: "నాకు సుత ఒక సంచి కడ్తవా?"

కడతాను. ఒకే ఒక్క సన్నటి పుస్తకంతో మొదలు. అది చదివి నాకు కథ చెప్తేనే రెండోది. ఏ పుస్తకం వేయమంటారు? ఆయన నడుమును కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.