మాట మధ్యలో బొమ్మ

పోయిన నెల ఒక ఉదయం నేను నందిగామలో బస్సు దిగుతుంటే ఫోన్ మోగింది. జగ్గయ్యపేటలో మా పక్కింటి పిన్ని. "అమ్మాయ్, మీ బాబాయి లేవట్లేదే. ఎంత పిలిచినా లేవట్లేదు" అంది. గొంతులో ఏడుపు లేదు, కోపం ఉంది. నేను బయల్దేరినప్పుడు వాళ్ళ తలుపు దగ్గరగా వేసి ఉంటే ఇంకా పడుకున్నారులే అనుకుని వచ్చేశాను. రోడ్డు దాటి ఎదురుగా వస్తున్న బస్సెక్కి వెనక్కి వెళ్ళేసరికి డాక్టరు వచ్చి చూసి వెళ్ళిపోయాడు. నిద్రలోనే రెండోసారి స్ట్రోక్ వచ్చిందట. పిన్ని మంచం పక్కన కూర్చుని ఇంకా ఆయన్ని తిడుతూనే ఉంది.

బాబాయి నాకు చుట్టం కాదు. వాళ్ళింటికీ మా ఇంటికీ గోడ ఒకటే. వాళ్ళు మసీదుకు వెళ్తారు, మేం చర్చికి వెళ్తాం. వరసలు మాత్రం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్నాయి.

ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేశారు. నేను డిగ్రీ నందిగామలోనే చదివాను, ఇప్పుడు అక్కడే ఒక కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెబుతున్నాను. చదువుకునే రోజుల్లో చాలాసార్లు ఆయన బస్సులోనే వెళ్ళేదాన్ని. డోరు దగ్గర నిలబడి "చిల్లకల్లు, నందిగామ, కంచికచర్ల, ఇబ్రహీంపట్నం, బెజవాడ!" అని ఒక్క ఊపిరిలో అరిచేవారు. మనుషుల పేర్లు ఆయనకు పట్టేవి కావు. ఎవరు ఎక్కడ దిగుతారో ఆ ఊరే వాళ్ళ పేరు. నిద్రపోతున్న ముసలాయన భుజం తట్టి "ఓ కంచికచర్లా, లే, వచ్చేసింది" అనేవారు. నన్ను బస్సులో ఉన్నంతసేపూ "నందిగామ" అనే పిలిచేవారు, ఇంటికొస్తే అమ్మాయ్. బస్సు కిక్కిరిసిపోయినప్పుడు ఆయన అనే మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "తోసుకోకండమ్మా, జరుక్కోండి."

రిటైరైన ఏడాదికి మొదటి స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. దాంతోపాటు ఇంకొకటి కూడా పోయిందని ఇంటికి తెచ్చాక గాని మాకు తెలియలేదు. "తిన్నా", "వద్దు", "రా", "బాగుంది", ఇలాంటి మాటలన్నీ ఉన్నాయి. పేర్లే పోయాయి. గ్లాసును గ్లాసు అనలేరు, చొక్కాను చొక్కా అనలేరు. చూస్తే గుర్తుపడతారు, ఏం చేసుకోవాలో తెలుసు, కానీ పేరు నోటికి రాదు. రాయబోతే చేతికీ రాదు. ఊళ్ళ పేర్లు ఒక్కటీ మిగల్లేదు. కన్నకూతురు షాహీన్ పేరు కూడా రాలేదు.

పిన్నిని మాత్రం ఈ విషయంలో ఓదార్చాల్సిన పని పడలేదు. ఎవరో పరామర్శకు వచ్చి "పాపం, నీ పేరు కూడా మర్చిపోయాడా తల్లీ" అంటే, "ఉన్నప్పుడు మాత్రం పిలిచాడా ఏంటి? ముప్పై ఏళ్ళూ ఇదిగో, ఇదిగో అనేగా" అంది. బాబాయి మంచం మీద నుంచి తల ఊపారు. ఆ ఇంట్లో మళ్ళీ నవ్వు వినబడటం అదే మొదలు.

షాహీన్ పూణెలో ఒక ఆసుపత్రిలో నర్సు. రోజూ ఫోన్ చేసేది. ఈయన "ఆఁ... అది... ఇవాళ అది..." అంటూ ఆగిపోయేవారు. అవతల ఆ పిల్ల ఏడ్చేది, ఇవతల ఈయన ఫోన్ పిన్ని ఒళ్ళో పడేసి వాకిట్లోకి వెళ్ళిపోయేవారు. పేరు చెప్పలేని వస్తువును ఫోటో తీసి పంపడం ఆయనకు ఆయనే కనిపెట్టుకున్న ఉపాయం. ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుని తీసేవారు. ముందు ఫోటో వాట్సాప్‌లో పంపి, దాని కింద మాట.

ఒక మధ్యాహ్నం నేను క్లాసులో ఉండగా షాహీన్ ఫోన్ చేసింది. "అక్కా, మా ఇంటికెళ్ళు! అమ్మకేమైంది? అమ్మ ఫోన్ ఎత్తట్లేదు!" అని ఒకటే ఏడుపు. నేను హడలిపోయి మా అమ్మకు ఫోన్ చేసి పంపిస్తే, పిన్ని శుభ్రంగా నిద్రపోతోంది. జరిగింది ఏంటంటే, బాబాయి పిన్ని పడుకుని ఉన్న ఫోటో ఒకటి పంపారు, ఊరికే. తర్వాత ఖాళీ అయిన మందుబిళ్ళల అట్ట ఫోటో తీసి పంపి, "అయిపోయింది" అని రాశారు. సిగ్నల్ లేక మందుల అట్ట ఫోటో మధ్యలో ఆగిపోయింది. కళ్ళు మూసుకుని పడుకున్న అమ్మ, కింద "అయిపోయింది". షాహీన్‌కు అందింది అంతే.

సాయంత్రం నేను వెళ్ళేసరికి ఆయన ఫోన్ బోర్లా పెట్టి గోడవైపు తిరిగి కూర్చున్నారు. "ఇక పంపను" అన్నారు.

ఆయన తప్పు కాదనిపించింది నాకు. ఫోటో ఒక చోట, మాట ఒక చోట పడటం వల్ల వచ్చిన చిక్కు అది. రెండూ ఒకే వరసలో కూర్చుంటే సరిపోతుంది. మర్నాడు మా ఇంట్లో ఉన్న పాత లాప్‌టాప్ తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఫోన్లో తీసిన ఫోటోలు అందులోకి వచ్చేలా చేసి, ఈమెయిల్ తెరిచి చూపించాను. "బాబాయ్, ఈ గీత మినుకుమినుకుమంటోంది చూడు. ఇది ఎక్కడుంటే బొమ్మ అక్కడ పడుద్ది" అని చెప్పి, కింద రెండు గుర్తులు చూపించాను. పిన్నీసు లాంటిది నొక్కితే ఫోటో మెయిల్‌కు తోకలాగా అడుగున వేలాడుతుంది. పక్కన బొమ్మ గుర్తు నొక్కితే అక్షరాల మధ్యలోనే వచ్చి కూర్చుంటుంది. రెండూ చేసి చూపించాను. ఆయన కాసేపు చూసి పిన్నీసు మీద వేలు పెట్టి, "ఇది పైన వేసేది" అన్నారు. తర్వాత బొమ్మ గుర్తు మీద పెట్టి, "ఇది లోపల కూచునేది" అన్నారు. బస్సు టాపు మీద లగేజీ, లోపల సీట్లో మనిషి. నేను పిల్లలకు ఇంత తేలిగ్గా ఎప్పుడూ చెప్పలేదు.

మొదటి మెయిల్లో "ఇవాళ" అని కొట్టి వంకాయ ఫోటో పెట్టారు. అది స్క్రీన్ మొత్తం ఆక్రమించింది. వెనక కొట్టిన "తిన్నా" ఎక్కడికో కిందకు పోయింది. ఆయన కంగారుగా నా వైపు చూశారు. ఫోటో మీద నొక్కితే చిన్నది చేసే వీలుంటుంది. చిన్నది చేయగానే మాటలు రెండూ వచ్చి వంకాయకు అటూ ఇటూ చేరాయి. "ఆఁ! జరుక్కుంది" అని ఆయన గట్టిగా నవ్వారు.

అప్పటి నుంచి సోమవారం సోమవారం షాహీన్‌కు మెయిల్ వెళ్ళేది. షాహీన్ వాటిని డ్యూటీలో ఖాళీ దొరికినప్పుడు ఆసుపత్రి కంప్యూటర్లో తెరిచేదట. అందులో ముందు బొమ్మలు కనబడేవి కావు. "ఇవాళ... తిన్నా... తిట్టింది... కడిగా" అని ఖాళీల మధ్య మాటలుండేవి. బొమ్మలు చూపించు అన్నచోట నొక్కితే ఒక్కొక్కటే తెరుచుకునేవి. షాహీన్ ఆ మాటలకు అర్థం చెబితే, తోటి నర్సులు చుట్టూ మూగి, ఏ ఖాళీలో ఏం వస్తుందో ముందే పందెం కట్టినట్టు చెప్పుకునేవారట.

పిన్ని ఫోటోకు నిలబడే మనిషి కాదు. "నాకెందుకయ్యా ఈ వయసులో" అని ముఖం తిప్పుకునేది. అందుకని మెయిల్లో ఆమె ఉండాల్సిన చోట ఎప్పుడూ ఏదో ఒక ముక్కే ఉండేది. ఒకసారి చీర కొంగు, ఒకసారి చిక్కుడుకాయలు వలుస్తున్న చేతులు, ఒకసారి వాకిలి ఊడుస్తున్న వీపు. ఏది పెట్టినా అమ్మే అని షాహీన్‌కు తెలిసేది.

ఆ రోజుల్లోనే షాహీన్‌కు ఎమ్మెస్సీ నర్సింగులో సీటొచ్చింది. ఆ పిల్ల చేరనంది. ఉన్న ఉద్యోగం కూడా మానేసి వచ్చేస్తానంది. "నేనుండి ఏం లాభం అక్కా, ఊళ్ళోవాళ్ళకి సేవలు చేసుకుంటా, మా నాన్న అక్కడ గ్లాసు ఇమ్మని అడగలేకపోతుంటే" అంది. పిన్నికి లోపల సంతోషమే. ఒక్కతే చేసి చేసి అలిసిపోయింది. "రానీ. నాకు మాత్రం ఎవరున్నారు?" అంది. ఆ మాటలో తప్పేమీ లేదు. బాబాయి ఫోన్ లాక్కుని "వద్దు, వద్దు" అని మాత్రం అనగలిగారు. ఎందుకు వద్దో చెప్పడానికి కావలసిన మాటలు ఆయన దగ్గర లేవు. ఆ "వద్దు" విని షాహీన్, నాన్న తన మీద భారం పడకూడదని అంటున్నారనుకుని ఇంకా పట్టుపట్టింది.

ఆ వారం ఆయన ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగారు. మూడు రోజులు పట్టింది ఆ మెయిల్ రాయడానికి. నన్ను పిలిచి చూపించారు, సాయం మాత్రం అడగలేదు.

"నువ్వు రావద్దు" అని మొదలైంది. "నేను" తర్వాత కుడిచేతిలో స్టీలు గ్లాసు ఫోటో, "పట్టుకుంటున్నా". తీగ మీద వంకరగా వేలాడుతున్న చొక్కా ఫోటో, "ఆరేసా". ఆ తర్వాత నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డ పిన్ని నీడ, "తిడుతోంది. అంటే బాగున్నా". చివరి వరుసలో, గోడకున్న ఫ్రేములో తెల్ల నర్సు డ్రెస్సు వేసుకున్న షాహీన్ ఫోటో తీసి పెట్టారు. దాని ముందు "అందరికీ", దాని వెనక "చెప్తా. చదువుకో".

నేను పిన్ని ముఖం చూడలేకపోయాను. ఆమె మెయిల్ చదివించుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు గోడ మీద నుంచి, "నువ్వేగా నేర్పావు ఆయనకి ఈ విద్య. ఉన్న ఒక్క పిల్లనీ రావద్దని రాసుకున్నాడు" అంది. "నేను రాయలేదు పిన్నీ" అన్నాను. "తెలుసులే" అని కూరగిన్నె అందించింది.

షాహీన్ వచ్చింది, సెలవు పెట్టి. నాన్న గ్లాసు పట్టుకోవడం కళ్ళారా చూసింది. చెయ్యి వణుకుతోంది, కానీ పట్టుకుంటున్నారు. ఒక రాత్రంతా తల్లీకూతుళ్ళు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. పొద్దున్నే బస్టాండుకు పిన్నే దగ్గరుండి తీసుకెళ్ళింది. సంచిలో పచ్చళ్ళు సర్దుతూ, "చదువుతావుగా? చదవకుండా తిరిగొస్తే ఊరుకోను" అంది. షాహీన్ కోర్సులో చేరింది. పోయిన ఏడాది పూర్తి చేసింది. ఇప్పుడు అక్కడే నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెబుతోంది.

బొమ్మల మధ్య మాటలు రాయగా రాయగా కొన్ని పేర్లు ఆయనకు తిరిగొచ్చాయి. బియ్యం వచ్చింది, చెప్పులు వచ్చాయి. కూతురి పేరు సగం వచ్చింది, "షా" అని. చాలు నాన్నా అంది ఆ పిల్ల. ఒక పొద్దున నేను బస్సుకు పరిగెడుతుంటే గేటు దగ్గర నిలబడి, మెడ నరాలు పొంగేలా ప్రయత్నించి, "నంది... గామా!" అని అరిచారు. నేను ఆ రోజు బస్సు వదిలేశాను.

ఆయన పోయిన రోజు షాహీన్ సాయంత్రానికి చేరుకుంది. చివరిచూపు దక్కింది. సాయంత్రం నమాజు తర్వాత ఆయన్ని తీసుకెళ్ళారు. షాహీన్ కొన్నాళ్ళుండి, అమ్మను తనతో రమ్మంది. "ఇద్దత్ అయ్యాక చూద్దాంలే" అంది పిన్ని. భర్త పోయిన ఆడవాళ్ళు కొన్ని నెలలు ఇల్లు దాటకుండా ఉండే గడువు అది.

పోయిన సోమవారం పిన్ని గోడ దగ్గర నిలబడి నన్ను పిలిచింది. చేతిలో ఫోన్ ఉంది. "రాత్రి ఫోన్లో ఏడ్చిందమ్మాయ్. రోజూ మాట్లాడతన్నాంగా అంటే, అది కాదమ్మా, సోమవారం మెయిల్ రావట్లేదు అంటది. నాకేమో రాత రాదు. నువ్వొచ్చి పెట్టు" అంది.

లాప్‌టాప్ తెరిచాను. ఏం రాయాలని అడిగాను.

"వాకిట్లో తోటకూర చల్లా. మొలిచింది. అది రాయి" అంది. ఫోటో తనే తీసింది, జీవితంలో మొదటిసారి. తడి మట్టిలో చిన్న చిన్న ఎర్రటి ఆకులు, జంటలు జంటలుగా. "మన వాకిట్లో" అని కొట్టి, ఫోటో లోపల కూర్చోబెట్టి, చిన్నది చేసి, "మొలిచింది" అని రాశాను. అప్పుడు చూశాను, ఫోటో మూలన ఆమె కాలి బొటనవేలు పడింది, గోరు నిండా మట్టితో.

"పిన్నీ, నీ వేలు పడింది. కత్తిరించనా?"

పిన్ని వంగి, స్క్రీన్‌కు బాగా దగ్గరగా ముఖం పెట్టి చూసింది.

"ఉండనీ" అంది. "అమ్మ అని తెలియొద్దూ?"