మా అక్క లైట్ల తెలుపు

బరాత్‌లకు గ్యాసులైట్లు కిరాయికిచ్చే ఇల్లు మాది. బోధన్‌లో కరెంటు వచ్చి ఎన్నాళ్ళయినా, చెరకు తోటల మధ్య బాటల్లో పెండ్లికొడుకు ముందు ఆ లైట్లే నడవాలి. మా ఆయనా, ఆయన అన్న మా బావా వేరుపడ్డప్పుడు వాటిని చెరి సగం పంచుకున్నారు. అన్నీ ఒక్కసారి కొన్నవే. అయినా పొద్దుగూకితే బావ ఇంటి లైటు చిక్కటి పాలలా వెలిగేది. మాది ఎండిన మక్క పొట్టులా పచ్చగా ఉండేది.

బావ భార్యను నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె చుట్టిన బీడీల్లో కార్ఖానావాళ్ళు ఒక్కటీ తీసేసేవారు కాదు, నావి గుప్పెడు పక్కన పడేసేవారు. ఆమె కూతురు నిజామాబాద్‌లో డిగ్రీ చదివేది. ఇవన్నీ ఎలాగో మింగాను. గోడ మీది నుంచి మా వాకిట్లో పడే ఆ తెల్లటి వెలుగును మాత్రం మింగలేకపోయాను. ఆ వెలుగులోనే కూర్చుని నేను బియ్యంలో రాళ్ళు ఏరేదాన్ని. అది ఇంకా మంట.

అత్త మా దగ్గరే ఉండేది. "పెద్దదాని చేతిల ఏందో ఉన్నది పిల్లా. లైటు గూడ దాని మాట ఇంటది" అనేది, సరిగ్గా నా ముఖంలోకి చూసి.

ఆ ఏడు చెరకు కోతలయ్యాక రెంజల్ దగ్గర ఒక ఆసామి కొడుక్కి పెళ్ళి కుదిరింది. ఆ బరాత్ దొరికిన ఇంటికి ఆ దిక్కు ఊళ్ళ బరాత్‌లన్నీ వస్తాయి. అన్నదమ్ములిద్దరినీ చెరొక లైటు తెచ్చి సాయంత్రం తన వాకిట్లో వెలిగించమని, చూసి చెబుతానని ఆసామి అన్నాడు.

ముందు రోజు జల్లెడ కావాలనే నెపంతో అక్క ఇంటికి వెళ్ళాను. మ్యాంటిళ్ళు దాచే డబ్బా మూత తీసి ఉంది. మ్యాంటిల్ అంటే లైటు లోపల కట్టే చిన్న నూలు జాలి సంచి. మొదటిసారి అంటించినప్పుడు నూలు కాలిపోయి తెల్లటి బూడిద గూడు మిగులుతుంది, వెలిగేది ఆ గూడే. డబ్బాలో ఆ జాలీల మీద ఏదో తెల్లటి పొడి చల్లి ఉంది. వచ్చి అత్తతో చెప్పాను.

"ఉప్పే" అంది అత్త. "ఇంకేం ఉంటది."

మా మ్యాంటిల్‌ను ఉప్పునీళ్ళలో ముంచి, నీడన ఆరబెట్టి, లైటుకు కట్టి పంపింది. చూడాలని అత్తా నేనూ కూడా బండెక్కాం.

ఆసామి వాకిట్లో బావ లైటు ఎప్పటిలాగే తెల్లగా వెలిగింది. మా ఆయన గాలి కొట్టిన కొద్దీ మాది ఉడకబెట్టిన పసుపు కొమ్ములా తయారైంది. ఆసామి రెండింటినీ చూశాడు.

"ఒకటి పెండ్లికొచ్చింది. ఇంకోటి కామెర్లతోని దవాఖానకు పోతున్నది."

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. బరాత్ బావకు పోయింది.

సెలవులకు ఊరికొచ్చి, బావ వెంట వచ్చిన అక్క కూతురు మా లైటు దగ్గరికి వచ్చింది. "సిన్నమ్మా, దీనికి ఏం పెట్టిండ్రు?"

"ఉప్పు. మీ అమ్మ పెట్టినట్టే" అంది అత్త.

"అది ఉప్పు కాదు బాపమ్మా. ముఖానికి రాసుకునే పౌడరు. జాలి చిక్కుపడకుంట అమ్మ సల్లుతది."

ఆ పిల్ల నా వైపు తిరిగి చెప్పింది: "నూలు కాలినంక మిగిలేది లోహపు బూడిద సిన్నమ్మా, కంటికి కనపడనంత సన్నటి గింజలు. గదొక్కటే అయితే ఎంత కాలినా ఎలుగు సరిగ్గ రాదు. నూటికి ఒక్క పాలు ఇంకో లోహపు బూడిద కలుపుతరు. గా పరాయిది నడుమల వచ్చి కూసుంటేనే మొత్తం తెల్లగ వెలుగుతది. ఎక్కువ కలిపితే మసకబారి పచ్చగైతది. మీరు అంగట్ల కొనేవి గసొంటియే. పైకెళ్లి ఉప్పు గూడ పడ్డది, ఉప్పు కాలితే పసుపే."

అత్త తల ఊపింది. "నా కొడుకులిద్దరు ఒక్క తీరే. వచ్చి కలిసిన పరాయోళ్ళే వేరు" అంది.



తెల్లవారి అక్క తన మ్యాంటిళ్ళ డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "పెద్ద బరాత్ సెల్లె, మా లైట్లు సాలయి. మీయి గూడ రావాలె. గివి కట్టుండ్రి." తను కొనే దుకాణం కూడా చెప్పింది. నేనైతే ఆ పేరు చచ్చినా చెప్పేదాన్ని కాదు, ఆమెకు దాచాలనే తోచలేదు.

బరాత్ రోజు మా లైట్లను ముందు వరుసలో నడిపించింది కూడా అక్కే. వెనక తనవి. ఎవరివి ఎవరివో నాకే తెలియలేదు, అంతా ఒకటే తెలుపు. పెళ్ళివారి ఆడవాళ్ళు అడిగారు, ఎవరివమ్మా ఇంత మంచి లైట్లు అని.

"నా సిన్నోడియి" అంది అత్త, అందరికీ వినబడేలా.

అక్క నా పక్కనే నడుస్తోంది. నవ్వింది గానీ కాదనలేదు. ఒక్క మాట కాదని ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేదో.