టీకా మందును కాచిన ఎండ

మొన్న బందరులో మా డాబా మీద సోలార్ పలకలు, కింద బ్యాటరీ బిగించి వెళ్తూ పనివాళ్లు ఇక కరెంటు పోయినా ఫ్యాను ఆగదని చెబితే మా కోడలు సంబరపడింది గానీ, నాకు మాత్రం దివిసీమలో నేను కొత్తగా నర్సుగా చేరిన ఏటి ఒడ్డు పల్లె కళ్లముందు మెదిలింది.

ఆ రోజుల్లో, మీకూ గుర్తుండే ఉంటుంది, గట్టి గాలి వీచిందంటే కరెంటు వారం దాకా వచ్చేది కాదు. పసిపిల్లల టీకా మందులు చల్లగా లేకపోతే పనికిరావు కనుక, అవనిగడ్డ నుంచి ఐసు పెట్టెలో వాటిని తెచ్చుకుని, బస్సు దిగి పడవెక్కి, ఐసు కరిగేలోగా వేసేయాలని పరుగులు పెట్టేదాన్ని; ఒకసారి పడవ ఆలస్యమై మందంతా పారబోసి, పొద్దుటి నుంచీ కాచుకుని ఉన్న తల్లులను వెనక్కి పంపిన నాడు నాకు అన్నం సయించలేదు. అందుకే ఎండతో నడిచే ఫ్రిజ్ ఒకటి మా ఆరోగ్య ఉపకేంద్రానికి వచ్చినప్పుడు, దాని పలకలను రోజూ నేనే నిచ్చెనెక్కి తుడుచుకునేదాన్ని.

ఏడాది తిరక్కుండానే తుఫాను హెచ్చరిక వచ్చింది. అందరినీ చర్చికి చేరమన్నారు. ఫ్రిజ్ నిండా మందులున్నాయి, డాబా మీది పలకలేమో ఆ గాలికి నిలిచేవి కావు. పడవ నడిపే మావయ్యను, నాకు వరసేమీ కాదు గానీ ఊరంతా ఆయన్ను అలాగే పిలిచేది, పానా తీసుకుని రమ్మన్నాను.

"ప్రాణాలు దక్కితే చాలనుకుంటుంటే ఇప్పుడీ పలకలెందుకు నర్సమ్మా?" అన్నాడు.

"రేపు కరెంటూ ఉండదు, దారులూ ఉండవు మావయ్యా. ఈ మందు పాడైతే మళ్లీ ఎప్పటికొస్తుందో. మీరు రాకపోతే నేనే ఎక్కి విప్పుకుంటాను."

ఆయన నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. తలుపు తీయకుంటే ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులు చల్లదనం ఆగుతుంది కనుక దాన్ని ఉపకేంద్రంలోనే మూసి ఉంచి, వాన అందుకునేసరికి పలకలను దుప్పట్లలో చుట్టి చర్చికి చేర్చాం. అక్కడ కాలు పెట్టే చోటు లేదు, కొందరు విసుక్కున్నారు కూడా. ఒక బాలింత మాత్రం బిడ్డను ఒళ్లోకి లాక్కుని పక్కకు జరిగి, "ఇక్కడ పెట్టండి నర్సమ్మా, మా పిల్లకింకా సూది వెయ్యలేదు" అంది. ఆ మాటతో తక్కినవాళ్లూ సర్దుకున్నారు.

మర్నాడు గాలి తగ్గాక చూస్తే కరెంటు స్తంభాలు నేలకొరిగి ఉన్నాయి, రేవులో ఒక్క పడవా మిగల్లేదు. మావయ్యదీ పోయింది. అయినా నేను అడక్కముందే ఆయన డాబా ఎక్కి బోల్టులు బిగించడం మొదలుపెట్టాడు. మబ్బు విడి, ఎండ పలకల మీద పడి, ఫ్రిజ్ గుర్రుమన్నాక తలుపు తీసి థర్మామీటరు చూశాను, గీత దాటలేదు. కరెంటు వచ్చేలోగా ఆ ఊళ్లో సూది పడని పసిబిడ్డ లేదు.

ఇప్పుడా పల్లెకు వంతెన ఉంది, సోలార్ ఎవరికీ వింత కాదు, ఏదైనా చెడితే ఫోను చేస్తే మనిషి వస్తాడు. అలా కావాలనే కదా ఆనాడు పట్టుబట్టింది. కానీ ఒక యంత్రం కోసం ఊరంతా జరిగి చోటివ్వాల్సిన అవసరం ఇక ఎవరికీ రాదు. సొంత పడవ పోయిన పూట ఎవరి బిడ్డల కోసమో డాబా ఎక్కిన ఆ మనిషికి, పనుల తొందరలో పడి, నోరారా వందనాలైనా చెప్పలేదు. ఇప్పుడు చెబుదామంటే ఆయన లేడు.