వడ్రంగి మావయ్య కొలత

మా వడ్రంగి మావయ్య పోయారని అత్తయ్య ఫోన్ చేసేటప్పటికి, పోర్ట్ బ్లెయిర్‌లో హాడో పేటలోని మా ఆఫీసులో చక్రాల కుర్చీలు ఎవరెవరికి ఇవ్వాలో రాసిన జాబితా మీద సంతకం పెడుతున్నాను. అందులో పేరుంది, వయసుంది, చిరునామా ఉంది. ఆయన చూసి ఉంటే "ఇందులో మనిషేడీ?" అని అడిగేవారు. కలం మూత పెట్టేసి జాబితా పక్కకి తోశాను.

మాకు చుట్టరికం ఏమీ లేదు. శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో అండమాన్‌కి ఓడెక్కి వచ్చి, సర్కారీ వర్క్‌షాపులో వడ్రంగిగా కుదురుకున్న మనిషి. మా పక్కింట్లో ఉండేవారు. నాకు మూడో ఏట పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. అప్పట్లో మేముండేది పోర్ట్ బ్లెయిర్‌కి ఎదురుగా, అవతలి ఒడ్డున. హైస్కూలేమో ఇవతల. రోజూ ఫెర్రీలో దాటాలి. ఫెర్రీ మీద పనిచేసే లస్కర్లు మంచివాళ్లే. కానీ నేను కనపడగానే "ఆజా బేటీ" అంటూ, అడగనైనా అడక్కుండా చంకల కింద చేతులేసి ఎత్తి పడవలో దింపేవారు. పన్నెండేళ్ల ఆడపిల్లని, అందరి ముందూ. ఇక స్కూలుకి వెళ్లనని ఇంట్లో భీష్మించుకు కూర్చున్నాను.

ఆ సంగతి విని మావయ్య ఓ ఆదివారం జెట్టీకి వెళ్లి కొలత తీసుకొచ్చారు. పడౌక్ చెక్కతో ఎత్తుపీట చేశారు. దాన్ని పడవలో వేస్తే, జెట్టీ మీంచి పీట మీదకీ, పీట మీంచి పడవలోకీ నా అంతట నేనే దిగొచ్చు. సోమవారం పొద్దున్న దర్జాగా దిగాను. సాయంత్రం ఇంటికి తిరిగొచ్చేవేళకి ఆటు వచ్చి సముద్రం తీసేసింది. పడవ జెట్టీకి రెండు మూరల కిందికి దిగిపోయింది, దాంతోపాటే నా పీటా. లస్కర్లు మళ్లీ ఎత్తారు. ఈసారి తోటిపిల్లలు నవ్వారు కూడా. మావయ్య కొలిచింది నిండు పోటు మీద. చుట్టూ నీళ్లే ఉన్న చోట బతుకుతూ ఆ నీళ్లనే మర్చిపోయారు.

ఆ సాయంత్రం వరండాలో ముడుచుకుని కూర్చున్న నా దగ్గరికి వచ్చి, ఎదురుగా నేల మీద చతికిలబడ్డారు. ఎవరితో మాట్లాడినా వాళ్ల ఎత్తులో కూర్చుని మాట్లాడటం ఆయన అలవాటు.

"తప్పు నాదే పాపా. జెట్టీని కొలిసినాను గానీ నీ రోజెలాగుంటాదో సూడలేదు. రేపు నీ కూడా వత్తాను. రమ్మంటావా?"

నా కాలి విషయంలో ఒకరు నన్ను అనుమతి అడగడం అదే మొదలు.

మర్నాడు సెలవు పెట్టి, చెవి మీద బొటనవేలంత పెన్సిలు ముక్కతో నా వెనకే తిరిగారు. ఒక్క సలహా లేదు, అన్నీ ప్రశ్నలే. "ఏ సెయ్యి మీద నీకు నమ్మకం?" "పుస్తకాల సంచీ ఏ పక్కనేసుకుంటావు?" "వానొస్తే ఎలాగెక్కుతావు?" లస్కర్‌ని పట్టుకుని, "భయ్యా, పానీ సబ్‌సే నీచే ఎంతవరకూ జాతా?" అని తన హిందీలో, ఆటుకి నీళ్లు ఎంత కిందికి దిగుతాయో కూపీ లాగారు. ఆ వారంలోనే మూడు మెట్ల పీట వచ్చింది. మడిచి బల్ల కింద పెట్టుకోవచ్చు. కుడిచేతికి పట్టుకోవడానికి నున్నటి కర్ర కూడా ఉంది. నా హైస్కూలు చదువంతా ఆ మెట్ల మీదుగానే సాగింది. మళ్లీ నన్నెవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత ఎవరికేం చేసిపెట్టినా అదే పద్ధతి. మిన్నీ బేలో చూపు లేని ఒకావిడకి వంటింటి అల్మరా చెయ్యాల్సివస్తే, ఆవిడ వంట చేస్తున్నంతసేపూ మూల కూర్చుని, అడ్డం లెమ్మని నాలుగు చీవాట్లు తిని మరీ వచ్చారు. "మనిషితో ఓ రోజు తిరక్కుండా సెక్క ముట్టుకోకూడదు" అనేవారు. వికలాంగుల సంక్షేమం చూసే ఉద్యోగంలో చేరాక ఆ మాటని ప్రతి మీటింగులోనూ చెప్పేదాన్ని. అందరూ తలలూపేవారు. నాకూ బాగుండేది.

రెండేళ్ల కిందట ఆయనకి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. అప్పటికి బ్రూక్షాబాద్‌లో సొంత ఇల్లు కట్టుకున్నారు. రెండు రోజుల్లో చక్రాల కుర్చీ పంపించాను. వీధి గుమ్మానికి కుర్చీ దిగేలా వాలుదారి కట్టించాను, స్నానాలగదిలో కడ్డీలు బిగింపించాను. అంతా ఫోన్ మీదే. చూడ్డానికి వెళ్లినప్పుడల్లా "ఎలాగుంది మావయ్యా?" అనేదాన్ని. "బాగుంది పాపా" అనేవారు. పావుగంట కూర్చుని, పనుందని లేచి వచ్చేసేదాన్ని.

దినవారాలయ్యాక మళ్లీ వెళ్లాను. ముందుగదిలో ఆ కుర్చీ కొత్తదానిలా తళతళలాడుతోంది.

"మావయ్య వాడలేదా అత్తయ్యా?"

"ఏటి వాడతారమ్మా? ఈధిలో ఆయనకేటి పని? ఆయన పనిముట్లన్నీ పెరట్లో షెడ్డులోనే కదా. పెరటి తలుపులోంచి కుర్సీ పట్టదు."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"నాను సెప్తానంటే ఆయనే వద్దన్నారు. 'పాప ఓ రోజు ఉండిపోయి అడుగుతాది, అప్పుడు సెప్తాను' అన్నారు."

నాకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది. నా ఒక్క రోజు కోసం ఆయన రెండేళ్లు కాచుకున్నారు. మీటింగుల్లో ఎందరికో చెప్పినదాన్ని, నాకు చెప్పిన మనిషి దగ్గరే మర్చిపోయాను.

లేచి పెరటి గుమ్మం దగ్గరికి వెళ్లాను. పది అడుగుల దూరంలో షెడ్డు. ఉప్పుగాలికి రంపాలు తుప్పెక్కి వేలాడుతున్నాయి. గుమ్మం పక్కన చెక్కగోడ మీద, కుర్చీలో కూర్చున్న మనిషికి చెయ్యి అందే ఎత్తులో, ఒక పెన్సిలు గీత. ఎడంచేత్తో గీసింది, వంకరపోయింది. కుర్చీ పట్టాలంటే గోడ ఎంతవరకూ కొయ్యాలో కొలిచి పెట్టుకున్నారు. పెన్సిలు ముక్క ఇంకా గడప మీదే ఉంది.